కన్నబిడ్డా, పెంచుకునే బిడ్డా: ఆ ప్రశ్న ఎవరిని అడగాలి?

పెళ్లయి ఆరేడేళ్లు గడిచినా పిల్లలు కలగని దంపతులకు మన ఇళ్లలో రెండు సలహాలు తప్పవు. మొదటిది, మంచి డాక్టరుకు చూపించుకోమని. అది ఫలించకపోతే కాస్త గొంతు తగ్గించి రెండోది చెబుతారు: "పోనీ, ఎవరినైనా తెచ్చి పెంచుకోరాదూ? అనాథ పిల్లలు ఎంతమంది లేరు!" చెప్పేవారి మనసులో దయే ఉంటుంది. కానీ ఆ మాట వెనుక ఒక నైతిక వాదన కూడా ఉంది. ఇల్లు లేని పిల్లలు లోకంలో ఉండగా, లక్షలు ఖర్చుపెట్టి కొత్త బిడ్డను కనడం కన్నా ఉన్న బిడ్డను చేరదీయడమే ధర్మం అన్నది ఆ వాదన.

తత్వశాస్త్రంలో ఇది గట్టిగానే చర్చకు వచ్చిన విషయం. అమెరికా తత్వవేత్త టీనా రూలీ తన వ్యాసాల్లో, సొంత బిడ్డే కావాలనడానికి జనం చెప్పే కారణాలను, అంటే పోలికలు, వంశం, బంధం వంటివాటిని ఒక్కొక్కటిగా పరీక్షించారు. ఇల్లు అవసరమైన బిడ్డ పట్ల మనకుండే బాధ్యతను తోసిపుచ్చేంత బలం వాటికి లేదన్నది ఆమె వాదన.

వాదన సరైనదో కాదో తేల్చేముందు ఒక చిన్న సంగతి గమనించాలి. అది నిజమైతే అందరికీ వర్తించాలి. ఇద్దరు పిల్లలున్న ఇంటికి వెళ్లి "రెండో బిడ్డను కనే బదులు పెంచుకోవలసింది కదా" అని ఎవరూ అనరు. ప్రశ్న ఎప్పుడూ పిల్లలు కలగనివారికే ఎదురవుతుంది. శరీరం సహకరించనంత మాత్రాన సమాజపు బాధ్యత మొత్తం వారి భుజాల మీదికి ఎలా వచ్చిందో ఎవరూ చెప్పరు.

"రక్తం" అంటే ఎంత?

దత్తతకు జంకేవారు ముందు చెప్పే మాట "మన రక్తం కాదు" అని. రక్తం అనే మాటకు జీవశాస్త్రంలో అర్థం డీఎన్ఏ అనుకుందాం. బిడ్డకు తల్లి నుంచి 23, తండ్రి నుంచి 23 క్రోమోజోములు వస్తాయి. అంటే సగం సగం. మనవడి దగ్గరికి వచ్చేసరికి తాత వాటా సగటున నాలుగో వంతు. అయిదు తరాల కిందటి ఒక పూర్వీకుడి వాటా ముప్పై రెండో వంతు, సుమారు మూడు శాతం. ఇంకా వెనక్కి వెళ్తే విచిత్రం జరుగుతుంది. పది తరాల వెనక మనకు 1,024 మంది పూర్వీకుల స్థానాలుంటాయి. కానీ డీఎన్ఏ ఒక తరం నుంచి మరో తరానికి పెద్ద పెద్ద ముక్కలుగా వెళ్తుంది కాబట్టి, ఆ వెయ్యి మందికీ పంచేటన్ని ముక్కలు ఉండవు. వారిలో దాదాపు సగం మంది నుంచి మనకు ఒక్క ముక్క కూడా అంది ఉండదు. వంశవృక్షంలో పేరు ఉంటుంది, ఒంట్లో ఆనవాలు ఉండదు.

గోత్రం సంగతి వేరు కదా అనవచ్చు. తండ్రి నుంచి కొడుకుకు దాదాపు మారకుండా వెళ్లేది వై క్రోమోజోము. గోత్రం నడిచే దారి కూడా అదే. అయితే వై క్రోమోజోము మన మొత్తం డీఎన్ఏలో రెండు శాతం దరిదాపుల్లోనే ఉంటుంది. కూతురికి తండ్రి నుంచి వై బదులు ఎక్స్ వస్తుంది, అది వై కన్నా చాలా పెద్దది. కాబట్టి లెక్క కచ్చితంగా చూస్తే తండ్రి డీఎన్ఏ కొడుకు కన్నా కూతురికే కాస్త ఎక్కువ అందుతుంది. వంశోద్ధారకుడి కోసం కూతుళ్లను లెక్కలోంచి తీసేసినవారికి ఈ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.

ఇక "పేగు బంధం". ఈ మాటలో మనం అనుకున్న దానికన్నా ఎక్కువ నిజం ఉంది. గర్భంలో ఉన్నప్పుడు బిడ్డ కణాలు కొన్ని మాయను దాటి తల్లి రక్తంలోకి చేరి అక్కడే ఉండిపోతాయి. కాన్పు జరిగిన 27 ఏళ్ల తరవాత కూడా తల్లి రక్తంలో బిడ్డ కణాలు కనిపించినట్టు 1996లో అమెరికా శాస్త్రవేత్తలు నివేదించారు. కానీ ఈ బంధానికి జన్యువుల పోలిక అక్కర్లేదు. దాత అండంతో గర్భం దాల్చిన తల్లికీ, మరొకరి బిడ్డను మోసే సరోగసీ తల్లికీ ఇదే వర్తిస్తుంది.

దాత అండం ప్రస్తావన ఇక్కడ ముఖ్యం. వయసు పెరిగేకొద్దీ సొంత అండాలతో ఐవీఎఫ్ ఫలించే అవకాశం వేగంగా పడిపోతుంది. 35 ఏళ్ల లోపు మహిళల్లో ఒక్కో ప్రయత్నానికి సుమారు మూడింట ఒక వంతు అవకాశం ఉంటే, 43 దాటాక అది నూటికి అయిదు దగ్గర ఆగిపోతుంది. ఆ దశలో చాలామంది దాత అండానికి ఒప్పుకుంటారు. కొందరు దాత వీర్యానికి కూడా. రెండూ దాతలవే అయినప్పుడు పుట్టే బిడ్డకు ఆ దంపతులిద్దరితోనూ జన్యు సంబంధం ఉండదు. అయినా ఆ బిడ్డ "మన బిడ్డ", శిశుగృహం నుంచి తెచ్చుకున్న బిడ్డ మాత్రం "పెంపుడు బిడ్డ". దీన్నిబట్టి ఒకటి అర్థమవుతుంది. జనం కోరుకునేది జన్యువులను మాత్రమే కాదు. కడుపు పండిందని నలుగురికీ కనబడటం, ఊరు ప్రశ్నలు అడగకుండా ఉండటం, నెల తక్కువ పసికందును చేతుల్లోకి తీసుకోవడం కూడా ఆ కోరికలో ఉన్నాయి. అవి తప్పుడు కోరికలని నేను అనను. పిల్లలు లేని ఆడదాన్ని పేరంటానికి పిలవడానికే సంశయించే సమాజంలో ఉంటూ, ఆమె కోరిక శుద్ధంగా ఉండాలని ఎలా ఆశిస్తాం?

విత్తనమూ నేలా

"ఎవరి బిడ్డో, ఏ గుణాలు వస్తాయో" అన్నది మరో భయం. దీనికి సైన్సు ఇచ్చే జవాబు రెండు పక్షాలకూ పూర్తిగా నచ్చదు.

1975లో అమెరికాలో కొలరాడో దత్తత అధ్యయనం మొదలైంది. దత్తత వెళ్లిన పిల్లలను, వారి కన్నతల్లులను, పెంచిన తల్లిదండ్రులను ఏళ్ల తరబడి గమనించారు. మేధాశక్తి పరీక్షల్లో పిల్లలు చిన్నప్పుడు పెంచినవారిని కొద్దిగా పోలి ఉన్నా, యవ్వనానికి వచ్చేసరికి ఆ పోలిక దాదాపు మాయమైంది. కన్నవారితో పోలిక మాత్రం వయసుతోపాటు పెరిగింది. అంటే జన్యువుల పాత్ర లేదనడం కుదరదు.

ఇప్పుడు స్వీడన్‌కు వెళదాం. అన్నదమ్ముల్లో ఒకరు కన్నవారి దగ్గర, మరొకరు దత్తత ఇంట పెరిగిన 436 జతలను పరిశోధకులు పోల్చి 2015లో ఫలితాలు ప్రచురించారు. సైన్యంలో చేరే వయసులో జరిపిన పరీక్షల్లో, దత్తత ఇంట పెరిగిన సోదరుడి ఐక్యూ సగటున నాలుగు పాయింట్లకు పైగా ఎక్కువగా ఉంది. పెంచిన తల్లిదండ్రుల చదువు ఎక్కువైనకొద్దీ ఆ తేడా పెరిగింది.

రెండూ ఒకదానికొకటి విరుద్ధంగా కనిపిస్తాయి, కానీ కావు. ఒకే రకం కలగలుపు వరి విత్తనాలను రెండు మడుల్లో చల్లి, ఒకదానికి నీళ్లూ ఎరువూ బాగా అందించి, రెండోదాన్ని ఎండగట్టామనుకోండి. మంచి మడిలో పైరు మొత్తం ఎత్తుగా ఎదుగుతుంది. అది నేల చేసిన పని. అదే మడిలో ఈ మొక్క పక్క మొక్క కన్నా ఎందుకు పొడుగ్గా ఉందంటే అది చాలావరకు విత్తనం. కొలరాడో అధ్యయనం మొక్కల మధ్య తేడాను చూసింది, స్వీడన్ అధ్యయనం మడుల మధ్య తేడాను చూసింది. బిడ్డను పెంచుకునేవారు తమకు నచ్చిన మొక్కను తయారు చేయలేరు. మడిని మార్చగలరు. ఆ మాటకొస్తే కన్నవారి పరిస్థితి కూడా అంతే. తల్లిదండ్రులిద్దరూ తలసీమియా వాహకులైతే ప్రతి గర్భంలోనూ బిడ్డకు ఆ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. రక్తపరీక్ష చేయించుకోని దంపతులకు అది కాన్పు అయ్యాకే తెలుస్తుంది. "ఏ గుణాలు వస్తాయో" అన్న అనుమానం దత్తతకే ప్రత్యేకం కాదు.

మూడు కోట్ల అంకె

ఇప్పుడు అసలు వాదనకు వద్దాం. "దేశంలో మూడు కోట్ల మంది అనాథలున్నారు" అనే మాట పత్రికల్లో, ప్రసంగాల్లో తరచూ వినిపిస్తుంది. ఇది యునిసెఫ్ అంచనా నుంచి వచ్చింది. ఆ సంస్థ నిర్వచనంలో, తల్లిదండ్రుల్లో ఒక్కరిని కోల్పోయిన 18 ఏళ్ల లోపువారు కూడా అనాథలే. తండ్రి పోయి తల్లి దగ్గర పెరుగుతున్న పిల్లలు, అమ్మమ్మ ఇంట చదువుకుంటున్న పిల్లలు అందరూ ఆ లెక్కలో ఉన్నారు. వారిలో అత్యధికులకు కావలసింది కొత్త అమ్మానాన్నలు కాదు. ఉన్న అమ్మకు పని, పింఛను, పిల్లల చదువుకు సాయం.

దత్తతకు నిజంగా సిద్ధంగా ఉన్న పిల్లల లెక్క వేరు. 2022 ఆగస్టులో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఇచ్చిన నివేదిక ప్రకారం, దత్తతకు అర్హులుగా భావించదగిన పిల్లలు సంరక్షణ కేంద్రాల్లో 6,996 మంది ఉన్నారు. వారిలో చట్టప్రకారం దత్తతకు యోగ్యులని ప్రకటించినవారు 2,430 మందే. మరోవైపు, కారాగా పిలిచే కేంద్ర దత్తత సంస్థ దగ్గర 2021 డిసెంబరు నాటికి పేరు నమోదు చేసుకుని ఎదురుచూస్తున్న తల్లిదండ్రులు 27,939 మంది. అయిదేళ్లలో ఎదురుచూపు ఏడాది నుంచి మూడేళ్లకు పెరిగింది. ఆ తరవాత దత్తతల సంఖ్య పెరిగి 2024-25లో 4,515కు చేరింది. అయినా వరుసలో నిలబడ్డవారు పిల్లల కన్నా చాలా ఎక్కువే.

దీని నైతిక పర్యవసానం పెద్దది. ఆరోగ్యంగా ఉన్న ఏడాది పసిబిడ్డ కోసం వరుసలో ఉన్న దంపతులు, మనసు మార్చుకుని ఐవీఎఫ్‌కు వెళ్లారనుకుందాం. ఆ బిడ్డ ఇల్లు కోల్పోతుందా? లేదు, వరుసలో తరవాతివారి ఇంటికి వెళ్తుంది. కాబట్టి చికిత్స చేయించుకునే జంటను చూసి "ఒక అనాథ బిడ్డకు ఇల్లు లేకుండా చేశారు" అనడం లెక్క ప్రకారమే తప్పు.

జనాభా వాదన కూడా ఇక్కడ పెద్దగా నిలవదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఒక్కో మహిళకు సగటున కలిగే పిల్లల సంఖ్య 2.0. తెలంగాణలో 1.8, ఆంధ్రప్రదేశ్‌లో 1.7. జనాభా ఎక్కడిదక్కడ నిలవడానికి కావలసిన 2.1 కన్నా ఇవన్నీ తక్కువే. వాతావరణం కోసం పిల్లలను కనవద్దనే లెక్కలు కూడా కొన్ని వచ్చాయి. వాటిలో ప్రసిద్ధమైనది 2017లో స్వీడన్ నుంచి వచ్చింది. అది సంపన్న దేశాల వినియోగం ఆధారంగా, రాబోయే తరాల ఉద్గారాలను కూడా తల్లిదండ్రుల ఖాతాలో వేసిన లెక్క. అనంతపురంలోని ఒక రైతు కుటుంబానికి దాన్ని వర్తింపజేయడం న్యాయం కాదు.

పోయే ప్రతి నెలా

అయితే 6,996కూ 2,430కూ మధ్య ఉన్న పిల్లల సంగతేమిటి? వారికి కాలం ఎందుకంత విలువైనదో తెలియాలంటే రుమేనియా అనుభవం చూడాలి. చౌషెస్కూ ప్రభుత్వం పడిపోయాక అక్కడి అనాథాశ్రమాల్లో లక్షకు పైగా పిల్లలున్నట్టు బయటపడింది. 2000లో అమెరికా పరిశోధకులు బుకారెస్ట్‌లోని ఆశ్రమాల నుంచి 136 మంది పసిపిల్లలను ఎంచుకుని, చీటీ పద్ధతిలో సగం మందిని పెంపక కుటుంబాలకు పంపారు. మిగతావారు ఆశ్రమాల్లోనే ఉన్నారు. నాలుగున్నరేళ్ల వయసులో పరీక్షిస్తే ఆశ్రమంలోని పిల్లల ఐక్యూ సగటు 73, కుటుంబాలకు వెళ్లినవారిది 81. మొదటినుంచీ కన్నవారి దగ్గర పెరిగిన పిల్లలది 109. రెండేళ్ల లోపు కుటుంబానికి చేరినవారు ఎక్కువగా కోలుకున్నారు. ఆలస్యమైనకొద్దీ లాభం తగ్గింది.

కొందరిని ఆశ్రమంలో వదిలేసి ప్రయోగం చేయడమేమిటన్న ప్రశ్న అప్పుడే వచ్చింది. ఆ నగరంలో అప్పటికి పెంపక కుటుంబాల వ్యవస్థ దాదాపు లేదనీ, ఆశ్రమంలో మిగిలిన పిల్లలను తరవాత కుటుంబాలకు పంపడానికి తాము అడ్డుపడలేదనీ పరిశోధకులు జవాబిచ్చారు. ఆ జవాబుతో అందరూ తృప్తిపడలేదు. రుమేనియా నుంచి బ్రిటన్‌కు దత్తత వెళ్లిన పిల్లలను మైకేల్ రటర్ బృందం పరిశీలించినప్పుడు కూడా అదే తేలింది. ఆరు నెలల లోపు వెళ్లినవారు మిగతా పిల్లల్లాగే ఎదిగారు. ఆ తరవాత వెళ్లినవారిలో కొందరిని ఇబ్బందులు పెద్దయ్యాక కూడా వదలలేదు.

మన శిశుగృహాలు ఆనాటి బుకారెస్ట్ ఆశ్రమాలు కావు. అయినా షిఫ్టుకొక ఆయా మారే చోట పసిబిడ్డకు "నా మనిషి" అంటూ ఒకరు ఉండరు. మన చట్టం ప్రకారం వదిలివేసిన బిడ్డ రెండేళ్ల లోపు వయసుదైతే రెండు నెలల్లో, ఆపై వయసుదైతే నాలుగు నెలల్లో బాలల సంక్షేమ కమిటీ నిర్ణయం తీసుకోవాలి. ఆ గడువు దాటి ఫైలు బల్లమీద ఉన్న ప్రతి నెలా బిడ్డ మెదడు ఎదుగుదలలోంచి పోయిన నెలే.

అలాగని తలుపులు బార్లా తెరవమనడానికీ లేదు. పిల్లలకు గిరాకీ పెరిగితే ఏమవుతుందో మనకు తెలుసు. 1999లో, మళ్లీ 2001లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో లంబాడా తండాల నుంచి ఆడశిశువులను కొద్ది డబ్బుకు తెచ్చి, దత్తత పేరుతో విదేశాలకు పంపిన వ్యవహారాలు బయటపడ్డాయి. పేదరికంలో ఉన్న తల్లి "ఇచ్చేసింది" అన్న మాటలో ఆమె ఇష్టం ఎంతో ఎవరు కొలుస్తారు? అందుకే చట్టం, బిడ్డను అప్పగించిన తల్లిదండ్రులకు మనసు మార్చుకోవడానికి 60 రోజులు ఇస్తుంది. పిల్లల్ని కొనడం, అమ్మడం అయిదేళ్ల వరకు కఠిన జైలుశిక్ష పడే నేరం. తెలిసిన నర్సు ద్వారా ఆసుపత్రి నుంచే బిడ్డను తెచ్చుకుని జనన ధ్రువపత్రంలో తమ పేర్లు రాయించుకోవడం మంచి పనేమీ కాదు. అది మరో తల్లి ఉనికిని చెరిపేయడం.

ఇంతకీ ఎవరిని అడగాలి?

వరుసలో ఇంతమంది ఉన్నా కొందరు పిల్లలకు ఇల్లు దొరకడం లేదు. ఆరేళ్లు దాటినవారు, విడదీయకూడని అక్కాతమ్ముళ్లు, గుండెజబ్బో వినికిడి లోపమో మరో ప్రత్యేక అవసరమో ఉన్నవారు. ప్రత్యేక అవసరాలున్న పిల్లల్లో చెప్పుకోదగ్గ భాగం విదేశీ కుటుంబాలకే వెళుతున్నారు. రూలీ వాదన పసిబిడ్డల విషయంలో తేలిపోయినా ఈ పిల్లల దగ్గర గట్టిగా నిలబడుతుంది. ఇక్కడ మనం వెనక్కి తగ్గితే తరవాత నిలబడి ఉన్నవారు ఎవరూ లేరు.

అయితే ఈ బాధ్యత పిల్లలు లేనివారిదేనా? 2022 దత్తత నిబంధనలు ఒకసారి చూడండి. ఇద్దరు, అంతకుమించి పిల్లలున్న దంపతులకు మామూలుగా పసిబిడ్డ రాదు. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు, ఇల్లు దొరకడం కష్టమైన పిల్లలకు మాత్రం వారు దరఖాస్తు చేయవచ్చు. రెండేళ్ల లోపు బిడ్డ కావాలంటే దంపతుల వయసుల మొత్తం 85 మించకూడదు, ఎనిమిదేళ్లు దాటిన బిడ్డకైతే 110 వరకు ఫరవాలేదు. అంటే యాభై దాటి, సొంత పిల్లలు చేతికి అందివచ్చి, జ్వరాలూ పరీక్షలూ అలకలూ అన్నీ చూసేసిన ఇల్లు పదేళ్ల పిల్లకు తలుపు తెరవడానికి చట్టం ఒప్పుకుంటుంది. "ఎవరినైనా పెంచుకోరాదూ" అనే సలహా ఇచ్చే పెద్దవాళ్లు చాలావరకు ఆ వయసువాళ్లే. వారిని ఆ ప్రశ్న ఎవరూ అడగరు.

ఉత్సాహం ఒక్కటే చాలదు. 2014-15 నుంచి అయిదేళ్లలో దత్తత వెళ్లినవారిలో వెయ్యి మందికి పైగా పిల్లలు తిరిగి సంరక్షణ కేంద్రాలకు వచ్చారు. పుణ్యం కోసం తెచ్చుకున్న బిడ్డ మొండికేస్తే పుణ్యం మీద విసుగు వస్తుంది. ఎనిమిదేళ్ల పిల్ల తన వెంట ఎనిమిదేళ్ల జ్ఞాపకాలు తెచ్చుకుంటుంది. అన్నం దాచుకుంటుంది, పరీక్షించడానికే అబద్ధమాడుతుంది, ఒక్కోసారి పెంచినమ్మను కొడుతుంది. ఇది కృతఘ్నత కాదు, మనుషుల్ని నమ్మి దెబ్బతిన్నవారి జాగ్రత్త. అంత ధైర్యం ఒకేసారి చేయలేనివారికి తాత్కాలిక పెంపకమనే మరో మార్గం ఉంది. 2024 మార్గదర్శకాల ప్రకారం ఆరేళ్లు దాటిన పిల్లలను ఒంటరివారు కూడా అలా పెంచవచ్చు. రెండేళ్లు సవ్యంగా సాగితే దత్తతకు దరఖాస్తు చేసుకోవచ్చు.

కన్నా పెంచుకున్నా, దాత కణాలతో కన్నా, బిడ్డకు నిజం చెప్పాలా అన్న ప్రశ్న మిగులుతుంది. పెళ్లి చూపుల్లోనో ఆస్తి తగాదాలోనో ఎవరో నోరు జారితే తెలియడం కన్నా, మాటలు నేర్చే వయసు నుంచే కథలా చెబుతూ రావడం మేలని దత్తత సలహాదారులు చెబుతారు. దత్తత వెళ్లినవారు 18 ఏళ్లు నిండాక తమ మూలాల గురించి సొంతంగా దరఖాస్తు చేసుకోవచ్చు. కన్నతల్లి గోప్యతను కాపాడుతూ సంస్థలు ఇవ్వగలిగింది ఇస్తాయి. దాత కణాలతో పుట్టినవారికి మన దేశంలో అలాంటి దారి లేదు, దాత వివరాలు గోప్యంగానే ఉంటాయి.

దత్తత సమయంలో బిడ్డ వివరాల నివేదిక, వైద్య పరీక్షల నివేదిక అని రెండు పత్రాలు ఇస్తారు. వాటిని పారేయకండి, బీరువా అడుగున దాచేయకండి కూడా. ఇరవై ఏళ్ల తరవాత ఏదో ఆసుపత్రిలో డాక్టరు "మీ ఇంట్లో ఎవరికైనా షుగరు ఉందా?" అని మామూలుగా అడుగుతారు. అప్పుడు ఆ అమ్మాయి తడబడకుండా "నేను దత్తత బిడ్డను, తెలిసినంతవరకు ఇదిగో" అని ఆ కాగితం చూపించగలగాలి.